పర్యావరణ తత్వం, పర్యావరణ ఉద్యమం: నల్లగొండ, పాలమూరులో తరచుగా అడిగే ప్రశ్నలు

డిగ్రీ కాలేజీలో పాఠం చెప్తాను, సెలవు రోజుల్లో మీటింగులకు పోతాను. క్లాసులో పిల్లలు ఉద్యమాల గురించి అడుగుతారు. మీటింగుల్లో పెద్దవాళ్ళేమో "సారూ, ఈ పుస్తకాల ముచ్చట మాకెందుకు" అంటారు. ఏళ్ళ తరబడి రెండు వైపుల నుంచీ మళ్ళీ మళ్ళీ వచ్చిన ప్రశ్నలివి. జవాబులు నావి. ఒప్పుకోకపోతే ఇంకా మంచిది, మాట్లాడుకోవచ్చు.

పర్యావరణ తత్వశాస్త్రం అంటే ఏంటి? ఉద్యమానికీ దానికీ ఏం సంబంధం?

ఒక చెరువులోకి ఫ్యాక్టరీ నీళ్ళు వదిలారనుకుందాం. తెల్లారేసరికి చేపలన్నీ వెల్లకిలా తేలాయి. ఊరంతా కట్ట మీదికి వచ్చింది. ఇది తప్పని అందరూ అంటారు, అందులో గొడవ లేదు. ఎందుకు తప్పో చెప్పమంటేనే నాలుగు గుంపులవుతాయి. చేపలు పట్టుకుని బతికేవాళ్ళ నోటికాడి కూడు పోయింది కాబట్టి తప్పు అంటారు కొందరు. రేపు పిల్లలకు చెరువు మిగలదు కాబట్టి అంటారు ఇంకొందరు. నోరులేని చేపలేం పాపం చేశాయని ఒక అవ్వ అంటుంది. ఒకాయన మాత్రం చెరువు చెరువు లెక్క లేకుండా పోయిందని ఊరికే బాధపడతాడు. నీకేం నష్టమయ్యా అంటే చెప్పలేడు.

ఆ నాలుగు మాటల్నీ విడదీసి, ఒక్కోటి ఎంతవరకు నిలబడుతుందో చూడటమే పర్యావరణ తత్వం. ఊసుపోక చేసే పని అనుకోకండి. మర్నాడు ఫ్యాక్టరీ మనిషి కారు దిగి ఇంటికి ఇంతని పరిహారం ఇస్తానంటాడు. మొదటి కారణం పట్టుకున్నవాళ్ళు లెక్క సరిపోతే సంతకం పెట్టొచ్చు. రెండోవాళ్ళు ఆగుతారు, ఇంకా పుట్టనివాళ్ళ తరఫున సంతకం ఎవరు పెట్టాలి? ఆ అవ్వకూ, చివరాయనకూ ఇవ్వడానికి అతని సూట్‌కేసులో అసలేమీ లేదు. ఎందుకు వద్దంటున్నామో దాన్ని బట్టే ఎక్కడిదాకా కొట్లాడాలో, ఎక్కడ రాజీ పడొచ్చో తేలుతుంది. నాకు తెలిసి తత్వానికీ ఉద్యమానికీ ఉన్న అసలు చుట్టరికం ఇదే.

ముందు తత్వం పుట్టిందా, ఉద్యమం పుట్టిందా?

ఎక్కువసార్లు కాళ్ళే ముందు నడిచాయి. ఆర్నే నేస్ నార్వేలో ఫిలాసఫీ ప్రొఫెసరు, గాంధీ ఆలోచనల మీద పనిచేసినవాడు. 1970లో మార్డోలా జలపాతం దగ్గర ఆనకట్ట వద్దంటూ బైఠాయించిన జనంలో ఆయనా కూర్చున్నాడు. పోలీసులు ఎత్తుకుని బయటికి తెచ్చి పడేశారు. ఈ రోజు పాఠ్యపుస్తకాల్లో కనిపించే 'డీప్ ఎకాలజీ' అన్న మాట ఆయన అచ్చులో పెట్టింది ఆ తర్వాత, 1973లో. పైపైన కాలుష్యం తగ్గిస్తే చాలదు, మనిషి తానెవరో అనుకునే తీరే మారాలన్నది ఆ వాదం. ఆనకట్ట మాత్రం కట్టేశారు.

హిమాలయాల్లో రేణి ఊరి ఆడవాళ్ళు గౌరాదేవి వెంట అడవిలోకి వెళ్ళి గొడ్డళ్ళకు అడ్డం నిలబడింది 1974 మార్చిలో. చెట్లను కాపాడిన ఆ పోరాటం పేరే చిప్కో. దాని మీద సిద్ధాంతాలు, పీహెచ్‌డీలు ఆ తర్వాతి సంగతి.

మా దగ్గర ఎవ్వరూ తత్వం చదవకుండానే యురేనియం ఆపారు కదా?

ఆపారు. నల్లగొండ జిల్లాలో సాగర్ వెనక జలాల పక్కన లంబాపూర్, పెద్దగట్టు గుట్టల్లో గని తవ్వుతామని 2003లో ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. ఇన్నేళ్ళయినా అక్కడ తవ్వకం మొదలుకాలేదు. 2019లో నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం కోసం అన్వేషిస్తామన్నారు. అచ్చంపేట నుంచి హైదరాబాద్ దాకా జనం కదిలారు, సినిమావాళ్ళు కూడా గొంతు కలిపారు. సెప్టెంబరులో శాసనసభ ఏకగ్రీవంగా వద్దని తీర్మానం చేసింది.

చదవలేదు సరే, తత్వం లేదని ఎవరన్నారు? "పైసలిస్తే అడివి మళ్ళ మొలుస్తదా?" అని ఒక చెంచు పెద్దాయన అడిగితే నేను పక్కనే ఉన్నాను. డబ్బుతో పూడ్చలేని నష్టం ఒకటుంటుందని ప్రొఫెసర్లు ఇరవై పేజీల్లో చెప్పేది ఆయన ఒక్క ముక్కలో అడిగాడు. పుస్తకం చదివినవాడికి ఒక లాభం మాత్రం ఉంది. అలాంటి మాటను ఎదుటివాడు "సెంటిమెంట్" అని కొట్టిపారేసినప్పుడు, కాదు ఇది వాదనే అని నిలబెట్టగలడు.

"మీ ఊళ్ళో వద్దు సరే, మరెక్కడ పెట్టాలి?" అంటే ఏం చెప్పాలి?

ఈ ప్రశ్న దగ్గరే చాలా ఉద్యమాల నోరు మూతపడుతుంది. నేను కూడా ఒకసారి టీవీ చర్చలో నీళ్ళు నమిలాను.

నల్లమలలో వద్దన్నాం, పెద్దగట్టులో వద్దన్నాం. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గని నడుస్తూనే ఉంది. జార్ఖండ్‌లోని జాదుగూడలో 1960ల నుంచీ తవ్వుతున్నారు. శాసనసభ తీర్మానం అయిన రోజు మనం స్వీట్లు పంచుకున్నాం. ఆ రోజు తుమ్మలపల్లె పేరు ఎత్తినవాళ్ళు ఎందరు?

"మా నీళ్ళు పాడవుతాయి" అన్నదొక్కటే మన కారణమైతే, వేరేవాళ్ళ నీళ్ళు పాడైతే మనకేం అభ్యంతరం ఉండకూడదు. అలా అనడానికి నోరు రాదు. అంటే మన అసలు కారణం ఇంకోటి ఉందన్నమాట, దాన్ని బయటికి తీసి చెప్పాలి. కొందరు అణువిద్యుత్తే వద్దంటారు. కొందరు అడవిలో, జలాశయాల పక్కన మాత్రం వద్దంటారు. కొందరు, ఊరు ఒప్పుకోకుండా ఎక్కడా వద్దంటారు. మూడూ వేరువేరు ఉద్యమాలు. ఒకే షామియానా కింద మూడూ కూర్చోవచ్చు, తప్పులేదు. ఎవరు ఏ కుర్చీలో కూర్చున్నారో తెలిసి కూర్చోవాలి. నాది మూడో కుర్చీ.

నల్లగొండ ఫ్లోరైడ్‌ను ఎవరూ కలపలేదు, రాతిలోనే ఉంది. అది కూడా పర్యావరణ సమస్యేనా?

మంచి ప్రశ్న, మర్రిగూడ వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి అడిగింది. నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే పిల్ల. ఆ తరం పిల్లల్లో ఈ అలవాటు చాలామందికి చూశాను, పళ్ళ మీది గోధుమరంగు చారలు కనిపించకూడదని.

లీటరు నీళ్ళలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటిన నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే ముందు పళ్ళు, తర్వాత ఎముకలు పట్టేస్తాయి. మెడ తిప్పాలంటే మనిషి మనిషే తిరగాలి. ఇది చేసింది ఏ ఫ్యాక్టరీ కాదు, మన కింద ఉన్న గ్రానైటు. 'ప్రకృతి తల్లి' అని కవిత్వం చెప్పేవాళ్ళు నల్లగొండ వచ్చి ఆ మాట అనడానికి కొంచెం ఆలోచించాలి. ప్రకృతికి మన మీద ప్రేమా లేదు, పగా లేదు.

అయితే కథ అక్కడితో అయిపోదు. చెరువులు పూడిపోనిచ్చి, బోరు మీద బోరు లోతుకు దించింది మనుషులే. నది నీళ్ళు ఎటు పోవాలో గీత గీసిందీ మనుషులే. రాయి తప్పు చేయదు, ఆ రాయి మీది నీళ్ళే తాగండని ఒక జిల్లాను వదిలేయడం తప్పు. దీన్నే పర్యావరణ న్యాయం అంటారు. కీడు ఎక్కడిదైనా, దాన్ని ఎవరి నెత్తిన పెట్టారన్నది లెక్క.

నాగ్‌పూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి కనిపెట్టి దానికి 'నల్లగొండ టెక్నిక్' అని పేరు పెట్టింది. ఆ పేరు ఆఫ్రికా దేశాల దాకా పోయింది. మన జిల్లా పేరు ప్రపంచానికి తెలిసింది ఇలా! పద్ధతి మంచిదే. కానీ దాన్ని ఇంట్లో బకెట్లో చేసుకోవాలంటే రోజూ పటిక తూచి, కలిపి, తేరనిచ్చి, అడుగున మిగిలిన మడ్డిని పారబోయాలి. ఆ పని ఇంట్లో ఎవరి మీద పడుతుందో చెప్పనక్కర్లేదు. "బకెట్లో పటిక వేసుకోండి" అనడానికీ "నది నీళ్ళు తెచ్చివ్వండి" అనడానికీ మధ్య ఉన్న తేడాలోనే ఈ జిల్లా పోరాటమంతా ఉంది.

1996లో 480 మంది ఒకే సీటుకు పోటీ చేశారు. అది ఉద్యమమా, తమాషానా?

రెండూ. నల్లగొండ నీళ్ళ కోసం పోరాడిన జల సాధన సమితి పిలుపుతో నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీలో నిలబడ్డారు. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది. దేశమంతా నవ్వింది, నవ్వుతూనే నల్లగొండ నీళ్ళ సంగతి అడిగింది. ఆ ఏడాదే చట్టం మార్చి లోక్‌సభ డిపాజిట్టును 500 నుంచి 10,000 రూపాయలకు పెంచారు. నీళ్ళకంటే డిపాజిట్టే ముందు కదిలిందని మా వైపు జోకు. ఇందులో తత్వమేంటంటే, ఎవరినీ కొట్టకుండా, ఏదీ తగలబెట్టకుండా, చట్టం ఇచ్చిన హక్కునే చివరిదాకా లాగి చూపించడం. ఇలాంటి పని చేయాలంటే ఓపికతో పాటు చమత్కారం కూడా ఉండాలి.

నల్లగొండకు నీళ్ళా, నల్లమలకు పులులా? ఒకటే తేల్చమంటే?

తేల్చలేను. కానీ దీని మీద కొంచెం సేపు నిలబడదాం, ఎందుకంటే పుస్తకాల్లో ఇచ్చే ఉదాహరణలకంటే ఇది గట్టిది.

శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం దాదాపు 44 కిలోమీటర్లు. కృష్ణ నీళ్ళను నల్లగొండ ఫ్లోరైడ్ ఊళ్ళకు, మెట్ట పొలాలకు తేవడం దాని ఉద్దేశం. పైన పులుల అడవి. అడవిని కదిలించకూడదు కాబట్టి మధ్యలో ఎక్కడా పైనుంచి తవ్వి దారులు తెరవలేదు, రెండు చివర్ల నుంచే మెషీన్లతో తొలుచుకుంటూ రావాలి. ఇరవై ఏళ్ళయినా పూర్తి కాలేదు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు సొరంగం పైకప్పు కూలింది. లోపల చిక్కుకున్న 8 మందిలో ఎవరూ ప్రాణాలతో బయటికి రాలేదు. వాళ్ళు జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూ కశ్మీర్ నుంచి పనికి వచ్చినవాళ్ళు.

ఈ సంగతి క్లాసులో పెట్టినప్పుడు పిల్లలు వెంటనే రెండు జట్లయ్యారు. మునుగోడు, నాంపల్లి వైపువాళ్ళు నీళ్ళ జట్టు. అచ్చంపేట నుంచి వచ్చి హాస్టల్లో ఉండే ఇద్దరు అడవి జట్టు. గంటసేపు వాదించుకున్నారు. చివర్లో వెనక బెంచీ అబ్బాయి, ఎప్పుడూ మాట్లాడనివాడు, "సార్, ఆ ఎనిమిది మంది ఏ జట్టు?" అన్నాడు.

క్లాసు చల్లబడిపోయింది. వాళ్ళకు అడవి తమది కాదు, నీళ్ళూ తమవి కావు. అడవి విలువెంత, దాహం విలువెంత అని తూకం వేస్తున్నప్పుడు తక్కెడలో వాళ్ళను ఎవరూ పెట్టలేదు. పాలమూరు నుంచి తరతరాలుగా వలసపోయి దేశమంతా డ్యాములు కట్టినవాళ్ళ మనవలం, మనకైనా గుర్తుకు రావాల్సింది.

నాకు తెలిసిందల్లా ఇంత. 'మనుషులా, ప్రకృతా' అని ఎవరైనా రెండు ముక్కలు చేసి అడిగితే, ముందు ఆ మనుషుల్లో ఎవరెవరున్నారో, ఎవరిని వదిలేశారో అడగండి. ఎత్తిపోతలా, సొరంగమా, చెరువుల పునరుద్ధరణా అన్నది తర్వాత ఇంజినీర్లతో కూర్చుని తేల్చుకోవచ్చు.

పులుల కోసం చెంచులను బయటికి పంపడం పర్యావరణ పరిరక్షణ కాదా?

1989లో చరిత్రకారుడు రామచంద్ర గుహ డీప్ ఎకాలజీ మీద ఒక గట్టి విమర్శ రాశారు. మనుషులు లేని అడవే అసలైన అడవి అన్న అమెరికా ఆలోచనను మన దేశానికి తెస్తే, పేదల చేతిలోని వనరులు ధనికుల చేతికి పోతాయన్నది ఆయన వాదన. పులుల ప్రాజెక్టును కూడా అందులో ఉదాహరణగా చూపించారు. ఈ విషయంలో నేను గుహ వైపే.

అమ్రాబాద్ కోర్ ప్రాంతం నుంచి బయటికి వస్తే కుటుంబానికి 15 లక్షల రూపాయల ప్యాకేజీ అంటున్నారు. కొందరు రోడ్డు, బడి, ఆస్పత్రి కావాలని ఇష్టపడే వస్తామంటున్నారు. వాళ్ళను "అడవి బిడ్డలు, అడవిలోనే ఉండాలి" అని ఆపడానికి మనమెవరం? అదీ ఒక రకం పెత్తనమే. రాబోమన్నవాళ్ళను కదిలించకూడదు. 2006 అటవీ హక్కుల చట్టం కూడా ముందు హక్కులు తేల్చి, స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతి తీసుకోమంటుంది. పెంటలో, అంటే చెంచుల గూడెంలో, మైకు పెట్టి చదివి వినిపించి వేలిముద్రలు తీసుకుంటే సమ్మతి అవుతుందా అన్నది ప్రతిచోటా చూసుకోవాల్సిన విషయం.

అహోబిలం నరసింహస్వామిని చెంచులు తమ అల్లుడంటారు. దేవుడితో చుట్టరికం కలిపినవాళ్ళకు పులి పక్కన బతకడం మనం నేర్పిస్తామనడం కొంచెం ఎక్కువే.

చెట్టుకు హక్కులేంటి సార్? రేపు చెదలకు కూడా ఇస్తారా?

వెక్కిరింపుగానే అడుగుతారు గానీ పాలమూరులో ఇది నిజంగానే జరిగింది. పిల్లలమర్రి వయసు దాదాపు 700 ఏళ్ళంటారు, మూడెకరాలకు పైగా పరుచుకుంది. చెదలు పట్టి కొమ్మలు విరిగిపడుతుంటే సందర్శకులను ఆపేశారు. 2018లో దాని ఒంటికి రంధ్రాలు చేసి సెలైన్ బాటిళ్ళలో చెదల మందు నింపి ఎక్కించారు. ఆస్పత్రి వార్డులో ముసలమ్మకు పెట్టినట్టు కొమ్మకొమ్మకూ బాటిళ్ళు వేలాడుతుంటే జనం ఫొటోలు దిగారు.

అన్ని ప్రాణులూ సమానమంటే చెదల్ని చంపొచ్చా? నేస్‌కు ఈ చిక్కు తెలుసు. సమానత్వం సూత్రంగానే అన్నాను, బతకాలంటే కొంత చంపక తప్పదు అని ముందే ఒప్పుకున్నాడు. అమెరికాలో అడవుల మీద పనిచేసిన రచయిత ఆల్డో లియోపోల్డ్ వేరేలా చెప్పాడు. ఒక్కో ప్రాణిని విడిగా చూడొద్దు, నేల, నీరు, చెట్టు, జంతువు కలిసిన సమూహం బాగుందా లేదా చూడు అన్నాడు. ఆ లెక్కన చెదలు అడవిలో మంచివే, ఎండిన కట్టెను మట్టి చేస్తాయి. పిల్లలమర్రి దగ్గర మందు పెట్టడం మాత్రం సరైనదే అని నా అభిప్రాయం. ఆ చెట్టు ఒక్కటే ఒక ఊరు లాంటిది.

ఇక కోర్టు సంగతి. గుళ్ళో దేవుడి పేరు మీద భూములుంటాయి, దేవుడి తరఫున కేసు వేస్తారు, ఎవరికీ వింతగా ఉండదు. చెట్టుకూ అలాగే ఉండొచ్చని 1972లో క్రిస్టఫర్ స్టోన్ అనే అమెరికా న్యాయశాస్త్ర ఆచార్యుడు వాదించాడు. 2017లో ఉత్తరాఖండ్ హైకోర్టు గంగ, యమునలను వ్యక్తులుగా గుర్తించింది, సుప్రీంకోర్టు దాన్ని నిలిపేసింది. నదిని మనిషిగా ఒప్పుకుంటే వరదలొచ్చినప్పుడు ఎవరి మీద కేసు పెట్టాలన్న ప్రశ్న కూడా వచ్చింది. నిజమే మరి.

మనకు బతుకమ్మ ఉంది, జమ్మి పూజ ఉంది. ఇంకా ఈ విదేశీ తత్వం ఎందుకు?

తంగేడు, గునుగు పూలు పేర్చి చెరువులో వదలడం గొప్ప సంస్కృతే. ఆ చెరువు శిఖం భూమి ప్లాటింగ్ చేసినవాళ్ళు కూడా బతుకమ్మ చీరలు పంచుతారు. పండగ మనసును సిద్ధం చేస్తుంది, కబ్జాను ఆపదు.

మొక్కలు నాటడం ఉద్యమం కాదా?

మొక్కకు నీళ్ళు పోస్తే తోటపని. నాటిన చోట నిన్నటిదాకా ఏముండేదని అడిగితే ఉద్యమం.

ప్రజాభిప్రాయ సేకరణలో తత్వం మాట్లాడితే ఎవరైనా వింటారా?

వేదిక మీదివాళ్ళు వినకపోవచ్చు, కాగితం వింటుంది. మీరు అన్నది రికార్డు చేసి నివేదికలో పెట్టాలి, పర్యావరణ ప్రభావ అంచనా మీద కేంద్రం ఇచ్చిన 2006 నోటిఫికేషన్‌లోనే ఉంది. రేపు జాతీయ హరిత ట్రిబ్యునల్లో ఆ కాగితమే మాట్లాడుతుంది. కాబట్టి నినాదాలతో పాటు ఒక్క పేజీ రాసి ఇచ్చి, రసీదు తీసుకోండి. పర్యావరణ ప్రభావ నివేదిక సారాంశం తెలుగులో ముందే దొరకాలి, దాన్ని తెచ్చుకుని చదవండి. మా వైపు ఒక సభలో ఇచ్చిన సారాంశంలో మా ఊరి వాగే లేదు. ఎండాకాలం సర్వే చేసి, వాగును బండ్లబాట అనుకున్నట్టున్నారు. ఒక పెద్దమ్మ లేచి "మా కోడలు కొట్టుకపోయింది గా బాటలనేనా?" అంది. ఆ తర్వాత వేదిక మీద ఎవరూ పెద్దగా మాట్లాడలేదు.

తత్వం చట్టమైన సందర్భం ఒకటి చెప్తాను, మన దగ్గరిదే. హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ జలాశయాల పరివాహకంలో ఒక నూనె పరిశ్రమ కేసులో 1999లో సుప్రీంకోర్టు ముందుజాగ్రత్త సూత్రాన్ని వివరంగా చర్చించింది. హాని జరుగుతుందని ఊరివాళ్ళు నిరూపించక్కర్లేదు, జరగదని పరిశ్రమ పెట్టేవాడే నిరూపించాలి అన్నది అందులో సారం. "కీడెంచి మేలెంచు" అని మన పెద్దలన్నదే. తేడా ఏంటంటే, ఇప్పుడు ఎంచాల్సిన భారం ఎవరిదో కోర్టు చెప్పింది. సభలో మైకు దొరికేది మూడు నిమిషాలే అయితే ఈ ఒక్క ముక్క అనండి.

ఇది చదివితే ఉద్యోగాలు వస్తాయా?

తత్వానికి రావు. పర్యావరణ చట్టం, భూగర్భజల శాస్త్రం, జీఐఎస్ (కంప్యూటర్ మ్యాపుల పని) లాంటివి జత చేసుకుంటే వస్తాయి. ఇంట్లో టెన్షన్ పెట్టకండి, డిగ్రీ అయితే పూర్తి చేయండి.

ఒక్కడి వల్ల ఏమవుతుంది?

సూర్యాపేట జిల్లా రాఘవాపురంలో దుశర్ల సత్యనారాయణ బ్యాంకు ఉద్యోగం వదిలి, తాతల నాటి 70 ఎకరాలను అడవిగా పెంచారు. జల సాధన సమితి వెనక ఉన్న మనిషీ ఆయనే. నీళ్ళ కోసం వీధిలో కొట్లాడిన మనిషే, పక్షులకు, జంతువులకు భూమి వదిలేశారు. పిల్లలకు చూపించడానికి ఇంతకంటే తేలికైన పాఠం నా దగ్గర లేదు. అందరికీ 70 ఎకరాలుండవు, తెలుసు. నాకు 70 గజాలు.

సరే సార్, ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ఊరి బోరు నీళ్ళు పరీక్ష చేయించండి. మిషన్ భగీరథ కుళాయి నీళ్ళు వస్తున్నా సరే, పొలం కాడ కూలీలు తాగేది ఇంకా బోరు నీళ్ళే. పది నిమిషాలు మోటారు నడవనిచ్చి, అవే నీళ్ళతో సీసాను మూడుసార్లు తొలిచి, నిండా పట్టి మూత బిగించండి. బోరు ఎవరిది, ఎన్ని అడుగులు, ఏ తారీఖు అన్నది చీటీ మీద రాసి అంటించండి. గాజు సీసా వద్దు, ఫ్లోరైడ్ గాజుతో కలిసి లెక్క తప్పుతుంది. పర్యావరణం సారు ఏడాదంతా ప్లాస్టిక్ వద్దని చెప్పి, ఈ ఒక్క పనికి ప్లాస్టిక్ బాటిలే తెమ్మంటాడని పిల్లలు నవ్వుతుంటారు.